పాత రిసీవర్ మార్చాలా? పర్లాకిమిడి మాస్టారికి జవాబు

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2012లో కొన్న 5.1 ఏవీ రిసీవర్ (శబ్దాన్ని స్పీకర్లన్నిటికీ పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, బాస్ కోసం సబ్ ఊఫర్ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. కిందటి దసరాకి 55 అంగుళాల 4కె టీవీ కొన్నాం, గొడవంతా అప్పట్నుంచే. ఓటీటీ స్టిక్‌ని రిసీవర్‌కి పెడితే ఒక్కోసారి తెర నల్లగా ఉండిపోతుంది, బొమ్మ వచ్చినా 4కె రాదు. టీవీకే పెడితే బొమ్మ బాగుంటుంది కానీ శబ్దం టీవీలోంచే వస్తుంది. పైగా మాటలు వినపడవు, ఫైట్ రాగానే గోడలు అదిరిపోతాయి, ఇంటావిడ రిమోట్ లాక్కుంటోంది. బరంపురంలో ఒక షాపతను ఇది ఇంక పనికిరాదు, 9.2 ఛానెళ్ళ (అంటే తొమ్మిది స్పీకర్లు, రెండు సబ్‌లు నడిపే) 8కె రిసీవర్ తీసుకోండి, లక్షా ఇరవై వేలు, పాతదానికి మూడు వేలు తగ్గిస్తానన్నాడు. విశాఖలో ఉండే మా బావమరిది సౌండ్‌బార్ పెట్టేసుకో బావా అంటాడు. ప్లస్ టూ చదివే మా అబ్బాయికి గేమ్ కన్సోల్ కావాలి. నా దగ్గర 60 వేలున్నాయి. హాలు 12 అడుగులకి 16, పైన స్లాబు. కరెంటు సంగతి మీకు తెలిసిందే. పైనుంచి కూడా శబ్దం వచ్చే అట్మాస్ పెట్టించాలా? నాన్నగారి టేప్ డెక్ కొత్తదానికి కలుస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, బరంపురం షాపుకి అడ్వాన్స్ ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఇవ్వకండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీరు రాసినవాటిలో నల్లటి తెర, టీవీలోంచి వచ్చే శబ్దం ఈ సాయంత్రమే పైసా ఖర్చు లేకుండా తీరిపోయేవి, మాటలు వినపడకపోవడం చాలావరకు స్పీకర్ జరిపితే, మెనూలో రెండు మార్పులు చేస్తే తీరేది. కొత్త రిసీవర్ కొంటేగాని కుదరనివి ఉన్నాయి, లేవని కాదు, కానీ అవి మీరు భయపడుతున్నంత ఎక్కువ లేవు.

తెర ఎందుకు నల్లబడుతోందంటే, 4కె సినిమాని కేబుల్లోంచి ఎవరూ కాపీ కొట్టకుండా హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం వేసి పంపుతారు. స్టిక్ నుంచి టీవీ దాకా దారిలో ఉన్న ప్రతి పెట్టెకీ ఆ తాళం తీయడం తెలియాలి. ఆ పద్ధతి వచ్చిందే 2013లో, మీ రిసీవర్ 2012ది, కాబట్టి దానికి తెలిసే వీలే లేదు, పాపం దాని తప్పేమీ లేదు. అది మధ్యలో ఉందని తెలియగానే స్టిక్ అయితే మామూలు ఫుల్ హెచ్‌డీకి దిగిపోతుంది, లేదంటే బొమ్మే ఇవ్వనని మొండికేస్తుంది. షాపతను చెప్పిందాంట్లో ఇంతవరకు నిజం. పనికిరాదన్నది మాత్రం అబద్ధం, ఎందుకంటే బొమ్మ ఆ పెట్టెలోంచి వెళ్ళాల్సిన అవసరమే లేదు.

స్టిక్ తీసి టీవీకే పెట్టండి. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని గాని ఈఏఆర్‌సీ అని గాని చిన్న అక్షరాలుంటాయి, టీవీ శబ్దాన్ని వెనక్కి రిసీవర్‌కి పంపే దారి అది, ఈఏఆర్‌సీ అంటే దానికే మెరుగైన రకం. అక్కణ్ణుంచి ఒక కేబుల్ రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐ అవుట్ అన్న దగ్గర పెట్టండి, ఇన్‌లో పెడితే పని చేయదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏఆర్‌సీ వచ్చింది 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో, కాబట్టి 2012 రిసీవర్‌లో ఉండే అవకాశాలే ఎక్కువ, ఆ అవుట్ పక్కన రాసుందో లేదో టార్చి వేసి చూడండి. తర్వాత రిసీవర్ మెనూలో హెచ్‌డీఎంఐ కంట్రోల్ ఆన్ చేయాలి, టీవీలోనూ అదే చేయాలి, ఒక్కో టీవీ కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది గానీ సెట్టింగ్స్‌లో సీఈసీ అనో హెచ్‌డీఎంఐ డివైస్ కంట్రోల్ అనో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆపైన టీవీ సౌండ్ అవుట్‌పుట్‌ని రిసీవర్‌కి మార్చి, డిజిటల్ ఆడియో దగ్గర పీసీఎం ఉంటే ఆటో పెట్టండి. ఆటోలో శబ్దం రాకపోతే డాల్బీ డిజిటల్ పెట్టండి, 5.1 శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి అది. పీసీఎం మీద వదిలేస్తే ఏఆర్‌సీ దారిలో రెండే ఛానెళ్ళు వస్తాయి, ఐదు స్పీకర్లూ ఊరికే కూర్చుంటాయి. ఏఆర్‌సీ లేనే లేదనుకోండి, ఆప్టికల్ కేబుల్ కొనుక్కోండి, అందులో కూడా 5.1 డాల్బీ డిజిటల్ నిక్షేపంలా వస్తుంది.

ఇదంతా అయ్యాక ఒక తెలుగు సినిమా పెట్టి రిసీవర్ ముందు డిస్‌ప్లే మీద ఏం పడుతోందో చూడండి. డాల్బీ డిజిటల్ అని పడితే సరే. పీసీఎం అనో స్టీరియో అనో పడితే టీవీ సెట్టింగ్ కుదరలేదన్నమాట, లేకపోతే ఆ సినిమాలో మీరు ఎంచుకున్న భాషకి 5.1 లేదన్నమాట. ఈ రెండోది మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఎక్కువ తగులుతుంది, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, స్టిక్ మెనూ ఏమో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, సినిమా ఏ భాష ట్రాక్‌తో మొదలైందో ఎవరూ చూడరు. ఒకే సినిమాకి ఒక భాషలో 5.1, ఇంకో భాషలో స్టీరియో ఉండొచ్చు. ఆడియో మెనూలోకి వెళ్ళి తెలుగు పక్కన 5.1 ఉందేమో చూసి పెట్టుకోండి. కేబుల్ టీవీ ఛానెళ్ళు మాత్రం చాలామటుకు స్టీరియోనే, వాటితో రిసీవర్‌కి పరీక్ష పెట్టొద్దు.

ఇక అసలు బాధ, మాటలు వినపడకపోవడం. దీనికి లక్షా ఇరవై వేల రిసీవర్ తెచ్చినా మీ ఇంటావిడ రిమోట్ లాక్కుంటూనే ఉంటారు, నాదీ పూచీ. 5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌లోంచే వస్తాయి. మన ఇళ్ళల్లో ఆ స్పీకర్ ఎక్కడుంటుంది? టీవీ కింద షోకేసు అరలో, లోపలికి తోసేసి, ముందు ఒక పూరీ జగన్నాథుడి బొమ్మ, పక్కన రెండు రిమోట్లు. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే స్పీకర్ ముందు భాగం అర అంచుకి సమానంగా వచ్చేదాకా బయటికి లాగండి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి మూతి కొంచెం పైకి, కూర్చున్నవాళ్ళ చెవుల వైపు తిరిగేలా ఎత్తండి. రిసీవర్ మెనూలో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. డైనమిక్ రేంజ్ అనో నైట్ మోడ్ అనో ఒకటుంటుంది, రాత్రిపూట అది ఆన్ చేస్తే ఫైట్ల మోత తగ్గి, నెమ్మదిగా మాట్లాడే మాటలు పైకొస్తాయి, పిల్లలు పడుకున్నాక సినిమా చూసే ఇళ్ళకి అది వరం. సబ్ ఊఫర్ మూలలో గోడకి ఆనించి ఉంటే రెండు అడుగులు ముందుకి జరపండి, మూలలో పెడితే బాస్ ఉబ్బిపోయి మాటల్ని మింగేస్తుంది.

ఇంకో దొంగ మీ హాలే. కింద టైల్స్, చుట్టూ ఖాళీ సున్నం గోడలు, ఒక పక్క అద్దాల కిటికీ, పైన స్లాబు, చప్పట్లు కొడితే గదంతా టంగుమని మోగుతుంది. ఒకసారి కొట్టి చూడండి. అలా మోగితే సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి తివాచీ గాని జంపఖానా గాని పరవండి, కిటికీకి బరువైన పరదా వేయండి, ఒక గోడకి పుస్తకాల బీరువా జరపండి. మాటల్లో స్పష్టత దీంతో వచ్చినంత ఏ కొత్త రిసీవర్‌తోనూ రాదు, అయినా షాపుల్లో ఈ మాట ఎవరూ చెప్పరు, వాళ్ళు జంపఖానాలు అమ్మరు కదా.

ఇప్పుడు కొనాలా వద్దా అన్నది. మూడు సందర్భాల్లో కొనమంటాను. మొదటిది, పాతదానికే ముసలితనం వచ్చినప్పుడు, అంటే ఆన్ చేశాక టక్కుటక్కుమని రిలే కొట్టుకుని ఆగిపోవడం, ఒక స్పీకర్ ఉండి ఉండి రాకపోవడం, హెచ్‌డీఎంఐ పూర్తిగా చచ్చిపోవడం లాంటివి. రెండోది, పైనుంచి శబ్దం వచ్చే అట్మాస్ నిజంగా కావాలనుకున్నప్పుడు. మూడోది కన్సోల్, కానీ దానిలో ఒక మెలిక ఉంది. నాలుగో కారణం కూడా ఉంది, కొత్తది కొనుక్కోవాలని మనసవడం, దాన్ని నేను తప్పుపట్టను, పన్నెండేళ్ళు దాటి ఒకే పెట్టెని వాడిన మనిషికి ఆ హక్కుంది.

కన్సోల్ మెలిక చెప్తాను. 4కెలో సెకనుకి 120 ఫ్రేములు పంపాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి, అది 2017లో వచ్చింది. రిసీవర్ల మీద 8కె అని రాసున్న రంధ్రాలు అవే. ముందు మీ టీవీ ప్యానెల్ 60 హెర్ట్జా 120 హెర్ట్జా, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపగలదు అన్నది బిల్లులోనో కంపెనీ వివరాల్లోనో చూడండి. మధ్యరకం ధరలో వచ్చే 55 అంగుళాల టీవీలు చాలావరకు 60 హెర్ట్జే. మీదీ అదే అయితే ఈ 120 గొడవ మీ ఇంట్లోకి రాదు, మీ అబ్బాయి అలిగినా రాదు. ఒకవేళ 120దే అయినా కన్సోల్‌ని నేరుగా టీవీకి పెట్టి, శబ్దాన్ని ఈఏఆర్‌సీ మీదుగా వెనక్కి రిసీవర్‌కి తెచ్చుకోవచ్చు. అయితే చాలా టీవీల్లో 120 పనిచేసే రంధ్రాలు రెండే, అందులో ఒకటి ఈఏఆర్‌సీదే, రిసీవర్‌కి ఒకటి పోతే కన్సోల్‌కి ఇంకోటి, అక్కడితో సరి. ఒకే కన్సోల్ ఉన్న ఇంటికి అది చాలు.

8కె సంగతి, దేశంలో 8కెలో సినిమా ఇచ్చే ఓటీటీ లేదు, మీ టీవీ 8కె కాదు, 55 అంగుళాల తెర ముందు పది అడుగుల దూరంలో కూర్చుంటే తేడా కంటికి ఆనదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తొమ్మిది ఛానెళ్ళూ అంతే, మీ హాల్లో సోఫా వెనక గోడకే ఆనుకుని ఉంటుంది, వెనక స్పీకర్లకి చోటే లేదు.

వాట్ల దగ్గర ఎక్కువమంది మోసపోతారు కాబట్టి కొంచెం ఆగుదాం, మీరు లెక్కల మాస్టారు, మీకు చెప్పడం సులువు. డబ్బా మీద 135 వాట్లు అని పెద్దగా ఉంటుంది, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఆరు ఓమ్‌లు (స్పీకర్ నిరోధం), ఒకే ఒక్క ఛానెల్ నడిపితే, ఒక కిలోహెర్ట్జ్ దగ్గర, పది శాతం డిస్టార్షన్‌తో అని ఉంటుంది. పది శాతం అంటే వినలేనంత చెడిపోయిన శబ్దం. అదే పెట్టెకి ఎనిమిది ఓమ్‌ల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానెళ్ళు నడిపి, ఒక శాతంలో పదో వంతు కన్నా తక్కువ డిస్టార్షన్‌తో కొలిస్తే 80 వాట్లు వస్తుంది. పోల్చాల్సింది ఈ రెండో అంకెని, రెండు కంపెనీలదీ ఒకే పద్ధతిలో కొలిచిందా అని చూసి మరీ పోల్చాలి. ఆ తేడా కూడా చెవికి ఎంత? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్, సంవర్గమానం మీకు నేను చెప్పాలా. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు పది డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. మామూలు స్పీకర్ ఒక వాట్‌కి మీటరు దూరంలో 86 నుంచి 90 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. మీ సోఫా పది అడుగుల్లో ఉంది కాబట్టి మాటలు వినేటప్పుడు ఆ స్పీకర్‌కి పట్టేది ఒక వాట్ కన్నా తక్కువే. బాంబు పేలినప్పుడు ఒక్క క్షణం పదుల వాట్లు కావాలి, ఆ లోతైన మోతని మోసేది సబ్ ఊఫర్, దానికి సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది. 80 వాట్ల రిసీవర్ మీ హాలుకి ధారాళంగా సరిపోతుంది.

సబ్ ఊఫర్ అన్నాను కదా, ఇప్పుడే లేచి వెళ్ళి దాని వెనక చూడండి. గోడకి పెట్టుకునే కరెంటు తీగ దానికి విడిగా ఉందా? ఉంటే హాయి. లేకుండా రిసీవర్ నుంచి వచ్చే స్పీకర్ వైర్ ఒక్కటే ఉంటే అది ఒకే డబ్బాలో సెట్టుగా అమ్మిన హోమ్ థియేటర్‌దన్నమాట. అలాంటి సెట్లలో స్పీకర్లు మూడు ఓమ్‌లవి కూడా ఉంటాయి, పిన్నులు వాళ్ళ సొంతవి ఉంటాయి. విడిగా కొన్న రిసీవర్ సబ్‌కి సన్నని సిగ్నల్ మాత్రమే ఇస్తుంది, దాన్ని నడిపే శక్తి ఇవ్వదు, కాబట్టి కరెంటు తీగ లేని సబ్ కొత్తదానికి పనికిరాదు. మూడు ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే రిసీవర్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి ఆగిపోతుంది. స్పీకర్ వెనక స్టిక్కర్ మీద ఎన్ని ఓమ్‌లో రాసుంటుంది. ఆరు గాని ఎనిమిది గాని ఉంటే ఆ ఐదింటినీ మార్చే పనే లేదు, మంచి స్పీకర్‌కి వయసుతో పెద్దగా పని లేదు, ముందు జల్లెడ తీసి కోను చుట్టూ ఉన్న రబ్బరో ఫోమో పగిలిందేమో చూసుకుంటే చాలు. సబ్ మార్చాల్సి వస్తే మాత్రం 60 వేలల్లో కొంత దానికి పక్కన పెట్టండి, మంచి పవర్డ్ సబ్ తెచ్చే తేడా రిసీవర్ మార్పు తెచ్చే తేడా కన్నా పెద్దది.

అట్మాస్ గురించి మీకు స్లాబు ఉంది కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, పెంకుటిల్లో రేకుల ఇల్లో అయితే వద్దనేవాణ్ణి. స్పీకర్ పైన పెట్టి శబ్దాన్ని కప్పుకి కొట్టి కిందకి తెప్పించే రకానికి కప్పు చదునుగా, గట్టిగా ఉండాలి, ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటే మేలు. వాలు కప్పు మీద పడిన శబ్దం ఎటో పోతుంది. మీకు చదునైన స్లాబున్నా మధ్యలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, మే నెల్లో పర్లాకిమిడిలో ఫ్యాన్ ఆపి సినిమా చూడమని నేను చెప్పలేను. అందుకే రెండు చిన్న స్పీకర్లు నేరుగా స్లాబుకి, కూర్చునే చోటుకి కొంచెం ముందుగా బిగించడం మంచిది, కుదరకపోతే టీవీ ఉన్న గోడకే పైన రెండు మూలల్లో కిందకి వంచి పెట్టి, రిసీవర్‌లో ఫ్రంట్ హైట్ అని చెప్పొచ్చు. ఐదు కింద, ఒక సబ్, రెండు పైన, దీన్నే 5.1.2 అంటారు, ఏడు ఛానెళ్ళ రిసీవర్ దీనికి సరిగ్గా సరిపోతుంది. సంక్రాంతికి సున్నాలు వేయిస్తారు కదా, అప్పుడు గోడలోంచి వైరు పైకి లాగించేయండి, స్పీకర్లు తర్వాత కొన్నా ఫర్వాలేదు. ఒక్క హెచ్చరిక, నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, మిగతావాటిల్లో కూడా సినిమా పేరు కింద అట్మాస్ గుర్తు ఉందో లేదో చూడాలి, అది మీరు పెట్టిన భాషకి వర్తిస్తుందో లేదో కూడా చూడాలి. ఓటీటీ అట్మాస్ మామూలు ఏఆర్‌సీలో కూడా వస్తుంది. బ్లూరే డిస్కులో ఉండే ట్రూహెచ్‌డీ అట్మాస్‌ని టీవీ మీదుగా తేవాలంటేనే ఈఏఆర్‌సీ తప్పనిసరి.

కొనేదే అయితే ఏడు ఛానెళ్ళు, ఈఏఆర్‌సీ, 8కె అని రాసున్న ఇన్‌పుట్లు కనీసం మూడు ఉన్నది చూడండి. డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్ ఈ కొలతకి సరిపోతుంది, ఆరు ఇన్‌పుట్లలో మూడు 8కెవి, 80 వాట్లు. యమహాలో ఆర్‌ఎక్స్-వి6ఏ, ఆంక్యోలో టీఎక్స్-ఎన్‌ఆర్6100 కూడా ఏడు ఛానెళ్ళవే. ధరలు పండగకి ఒకటి, పండగ అయ్యాక ఒకటి, మూడు చోట్ల అడిగి మీ బడ్జెట్లో ఏది వస్తే అది తీసుకోండి, ఈ మూడింటి మధ్య మీ హాల్లో చెవికి తెలిసే తేడా తక్కువ. అట్మాస్, కన్సోల్ రెండూ వద్దనుకుంటే అసలు కొనకండి, ఆ డబ్బు సబ్‌కి పెట్టండి.

ఎక్కడ కొనాలంటారా, బరంపురమైనా విశాఖైనా ఒకటే, కానీ కొనేముందు ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, విశాఖలో బిల్లయిన పెట్టెకి ఒడిశాలో వారంటీ ఇస్తారా, మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుంది అని అడగండి, రెండు రాష్ట్రాల అంచున బతికేవాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. ఆన్‌లైన్లో మరీ చవగ్గా కనిపించేవి బయటి దేశం సరుకు కావచ్చు, అమెరికా పెట్టె 120 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది, మన 230కి తగిలిస్తే పొగొస్తుంది. వెనక ప్లేటు మీద 230 అని ఉందో లేదో చూసే డబ్బు కట్టండి. షాపులో డెమో ఇచ్చేటప్పుడు వాళ్ళు బరంపురం ఠాకురాణి జాతర డీజే లెవెల్లో బాస్ పెంచి వినిపిస్తారు, మీరు మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను పెట్టమనండి. పాతదాన్ని మూడు వేలకి ఇవ్వకండి. పై గదిలో రెండు స్పీకర్లకి పాటల ఆంప్లిఫయర్‌గా ఇంకా చాలా కాలం వస్తుంది.

కరెంటు విషయంలో, రిసీవర్‌కి ఒక కేవీఏ స్టెబిలైజర్ పెట్టండి, టీవీకి పెట్టే చిన్నది చాలదు. ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌దై ఉండాలి, స్క్వేర్ వేవ్ అయితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని మూలుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ గజపతి జిల్లా ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు, అలాంటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి, దాంతోపాటు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా పీకాలి, పిడుగు దెబ్బ ఆ తీగల్లోంచి కూడా వస్తుంది. కరెంటు వచ్చాక వెంటనే పెట్టకుండా కాసేపు ఆగండి. స్పీకర్లలో ఎప్పుడూ ఒక గుయ్యి వినిపిస్తుంటే ముందు ఆ కేబుల్ వైరు పీకి చూడండి, ఆగిపోతే తప్పు రిసీవర్‌ది కాదు. ఎర్తింగ్ గుంటలో నీళ్ళు పోయించి ఎంతకాలమైందో కూడా కనుక్కోండి. రిసీవర్‌ని అద్దాల తలుపు షోకేసులో బిగించొద్దు, పైన జానెడు ఖాళీ ఉండాలి, వెచ్చగా ఉంటుందని బల్లులు చేరతాయి, వర్షాకాలంలో వారానికి రెండుసార్లైనా ఆన్ చేస్తుంటే లోపల తేమ పట్టదు.

బిగించేటప్పుడు ఒక్కచోట నిదానంగా ఉండండి. స్పీకర్ వైరు తొక్క అర అంగుళం తీసి, రాగి పోగుల్ని వేళ్ళతో గట్టిగా మెలిపెట్టి రంధ్రంలో పెట్టాలి, ఒక్క సన్నని పోగు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ని తాకినా షార్టయి రిసీవర్ ఆగిపోతుంది, మరీ దురదృష్టమైతే పాడైపోతుంది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి, ఒక్క స్పీకర్ తిరగబడినా శబ్దం పల్చబడి బాస్ ఎక్కడికో పోతుంది. పక్క స్పీకర్లు మీకు సరిగ్గా పక్కన కన్నా కొంచెం వెనక్కి, చెవుల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. తర్వాత డబ్బాలో వచ్చే, స్పీకర్ల దూరాన్నీ శబ్దాన్నీ రిసీవర్ కొలుచుకునే చిన్న మైకుని సోఫాలో మీ తల ఉండే చోట, స్టాండు మీదో నిచ్చెన మీదో పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. ఫ్యాన్ ఆపి, కుక్కర్ దింపమని చెప్పి, తలుపులు వేసి కొలత మొదలుపెట్టండి. అది అయ్యాక మెనూలోకి వెళ్ళి స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాసోవర్ (ఏ హద్దు కింది బాస్ సబ్‌కి పోవాలో చెప్పేది) 80 హెర్ట్జ్ అని పెట్టండి, రిసీవర్ మీ చిన్న స్పీకర్లని లార్జ్ అనుకుని బాసంతా వాటికే పంపడం మామూలే. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ తిరుగుడు బిళ్ళని చివరిదాకా తిప్పేయండి, కోత రిసీవర్ చూసుకుంటుంది.

మీ బావమరిది సౌండ్‌బార్ మాట చెడ్డదేం కాదు, ఏమీ లేని ఇంటికి నేనూ అదే చెప్తాను. మీ దగ్గర ఐదు స్పీకర్లు, వైర్లు అన్నీ ఉన్నాయి, వాటిని అటక మీద పడేసి బార్ కొంటే వెనకడుగే.

నాన్నగారి టేప్ డెక్ నిక్షేపంగా కలుస్తుంది. దాని లైన్ అవుట్ నుంచి ఎరుపు తెలుపు ఆర్‌సీఏ వైరు తెచ్చి రిసీవర్‌లో సీడీ గాని ఆక్స్ గాని అన్న అనలాగ్ ఇన్‌పుట్‌లో పెట్టండి, ఫోనో అన్న దాంట్లో మాత్రం వద్దు, అది రికార్డ్ ప్లేయర్‌ది, టేప్ పెడితే చెవులు చిల్లులు పడేలా గరగరలాడుతుంది. కొత్త రిసీవర్లలో అనలాగ్ ఇన్‌పుట్లు తగ్గిపోతున్నాయి కాబట్టి కొనేముందు వెనక ప్లేటు ఫొటోలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.